పాత ఇంపల్స్‌ని కొండలకి సిద్ధం చేయించాను: బండి, వర్క్‌షాపు, ఖర్చు

2012 మోడల్ హీరో ఇంపల్స్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొని, రెండుసార్లు పూర్తిగా విప్పించి బిగించి, రెండేళ్లుగా కొండల్లో తిప్పుతున్నాను. బండి ఎలా ఉంది, ఎవరి దగ్గర చేయించావు, ఎంతయింది అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నా. ముందే చెప్పేస్తాను, పాత ఇంపల్స్ మీద పెట్టే డబ్బులో ముప్పావు వంతు కంటికి కనపడని చోట పెట్టాలి. హ్యాండిలు తిరిగే చోట ఉండే బేరింగు సెట్టు, అంటే కోన్‌సెట్టు, చక్రాల బేరింగులు, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ బుష్షులు, ముందు ఫోర్కుల్లో ఆయిలు, స్పోకులు. ఇవి సరిగ్గా ఉంటే బండి పైన ఏమీ బిగించకపోయినా కొండెక్కుతుంది. ఇవి సరిగ్గా లేకపోతే పైన ఎన్ని గార్డులు, ఎన్ని లైట్లు పెట్టినా అడుగడుక్కీ భయపెడుతుంది. మొదటిసారి నేను దీన్ని తిరగేసి చేయించాను, దాని ఖరీదు 31 వేలు.

ఈ బండి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. హీరో, హోండా విడిపోయిన కొత్తలో 2011 చివర వచ్చింది. హోండా వాళ్లు బ్రెజిల్‌లో అమ్మిన ఎన్‌ఎక్స్‌ఆర్ 150 బ్రోస్ దీనికి మూలం. 149.2 సీసీ ఇంజను, ఐదు గేర్లు, సుమారు 13 హెచ్‌పీ, ముందు 19 అంగుళాల చక్రం, వెనక 17, బరువు 134 కిలోలు. ఇంజను అడుగుకీ నేలకీ మధ్య 245 మిల్లీమీటర్లు. ఆ తర్వాత వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411కీ, హీరో ఎక్స్‌పల్స్ 200కీ ఇది 220 మాత్రమే. అప్పట్లో షోరూముకి వెళ్లినవాళ్లు ఎత్తు చూసి, 150 సీసీకి ఇంత అవసరమా అనుకుని మామూలు బండి కొనుక్కుని వచ్చేశారు, కొన్నేళ్లకే దీన్ని ఆపేశారు. 2019లో ఎక్స్‌పల్స్ 200 వచ్చేదాకా హీరోలో ఆ చోటు ఖాళీగానే ఉండిపోయింది.

134 కిలోలు అంటే ఏమిటో కాగితం మీద తెలియదు. తడి మట్టి వాలులో బండి పక్కకి ఒరిగి పడిపోయి, చుట్టుపక్కల మనిషి అనేవాడు లేనప్పుడు తెలుస్తుంది. మా స్నేహితుడి హిమాలయన్ 190 కిలోల పైమాట, పడితే ఇద్దరం కలిసి లేపుతాం. ఇంపల్స్‌ని నేనొక్కడినే లేపుకుంటాను. ఒంటరిగా తిరిగేవాడికి ఈ ఒక్క కారణం చాలు.

నేను కొన్నది 42 వేలకి. పైకి ఫర్వాలేదు, రెండు వైపులా ట్యాంకు పక్క ప్లాస్టిక్కులు పగలకుండా ఉన్నాయి, ఆర్సీ మొదటి యజమాని పేరు మీదే ఉంది. ప్లాస్టిక్కుల మాట ఎందుకు చెప్తున్నానంటే, ఈ బండికి దొరకనివి అవే. ఇంజను సామాన్లు అదే కంపెనీ బండ్లు హంక్, సీబీజెడ్ ఎక్స్‌ట్రీమ్ కుటుంబానివే కాబట్టి రింగులు, క్లచ్ ప్లేట్లు, టైమింగ్ చైను అన్నీ కాస్త తిరిగితే దొరుకుతాయి. హెడ్‌లైటు కవరు, పక్క ప్యానెళ్లు పగిలితే మాత్రం ఎక్కడో ఎవరో విప్పి అమ్మే బండి కోసం నెలల తరబడి ఎదురు చూడాలి. ఇంజను పొగ కొడుతున్నా కొనొచ్చు, ప్లాస్టిక్ లేని బండి మాత్రం కొనకండి.

ఇక మొదటి వర్క్‌షాపు. పేరు రాయడం లేదు. అడ్వెంచర్ బిల్డులు చేస్తామని బోర్డు, అద్దాల గది, గోడల మీద ఫొటోలు. మూడు వారాలన్నారు, మూడు నెలలు పట్టింది. ఫ్రేముకి పౌడర్ కోటింగు, అంటే పొడి రంగు చల్లి వేడితో అతికించడం, ట్యాంకుకి కొత్త పెయింటు, పెద్ద క్రాష్ గార్డు, రెండు ఫాగ్ లైట్లు, కొత్త సీటు కవరు. తీసుకొచ్చిన రోజు వీధిలో అందరూ చుట్టూ చేరి చూశారు. నాకూ చాలా ముచ్చటేసింది. పదిరోజుల తర్వాత గుంటల రోడ్డు మీద 50లో వెళ్తుంటే హ్యాండిలు తనంతట తనే అటూ ఇటూ ఊగడం మొదలైంది. పైన పటారం, లోన లొటారం. ఫోర్కులు విప్పనే లేదు, వెనక షాకు, అంటే షాక్ అబ్జార్బర్, ముట్టుకోలేదు. కోన్‌సెట్టు మార్చామని బిల్లులో రాశారు గానీ మార్చలేదు.

అన్నిటికంటే పెద్ద తప్పు ఇంకోటి. పౌడర్ కోటింగుకి పంపేటప్పుడు ఏ భాగానికి రంగు తగలకూడదో అక్కడ టేపు, రబ్బరు మూతలు పెట్టి కప్పాలి. వాళ్లు పెట్టలేదు. ఇంజను బోల్టుల మరల్లోకి పోయింది, కోన్‌సెట్టు కూర్చునే గొట్టంలోకి పోయింది. ఛాసిస్ నంబరు మీద మందంగా పేరుకుని, వేలితో తడిమితే తప్ప అంకె ఉన్నట్టే తెలియలేదు. నాది 2012 రిజిస్ట్రేషన్, పదిహేనేళ్లకి అంటే 2027లో రెన్యువల్‌కి వెళ్లాలి. అక్కడ నంబరు చూస్తారు. నంబరు కనపడకపోతే ఆ బండి నాదే అని నేను ఎలా రుజువు చేసుకోవాలి? ఆ రాత్రి నిజంగా నిద్ర పట్టలేదు. ఫ్రేముకి కోటింగు వేయించేవాళ్లు దయచేసి ఈ మాట గుర్తుపెట్టుకోండి. పంపే ముందు నంబరు ఫొటో తీసుకోండి, దాని మీద మీ చేత్తో టేపు వేయండి, ఎవరికీ వదిలేయకండి.

రెండోసారి విజయవాడ ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డుకి వెళ్లాను. అసలు రివ్యూ ఈయన గురించే. ముప్పై ఏళ్లకి పైగా బండ్లు చేస్తున్న మనిషి, మేమంతా బాబాయ్ అంటాం. పేరు, నంబరు పెట్టొద్దని ఆయనే అన్నాడు, ఒకసారికి ఒక్క బండే పెట్టుకుంటాడు, వరసలో ఇప్పటికే నలుగురున్నారు. బోర్డు లేదు, బిల్లు పుస్తకం లేదు. కానీ ఏ సామాను తీసినా పాతది గుడ్డలో చుట్టి మన చేతికిస్తాడు. కొత్తది వేశాడా లేదా అనే అనుమానమే రాదు.

వెళ్లగానే నేను ఇంజను గురించి మొదలుపెట్టాను. "ఇంజను సంగతి తర్వాత అబ్బాయ్, ముందు హ్యాండిలు చూద్దాం" అని ఇంజను కింద ఒక చెక్క దుంగ పెట్టి ముందు చక్రం గాల్లోకి లేపాడు. రెండు వేళ్లతో హ్యాండిలు మెల్లగా తిప్పమన్నాడు. తిప్పాను. కుడి నుంచి మధ్యకి వచ్చేసరికి టక్కున ఆగింది, గోళీ గుంటలో పడ్డట్టు. కొంచెం బలం పెడితే గానీ అక్కడి నుంచి కదల్లేదు. "నువ్వు నిటారుగా పోదామంటే ఇది ఆ గుంటలో కూర్చుంటది, పక్కకి తిప్పుదామంటే గుంటలోంచి దూకుతది, అందుకే ఊగుతోంది" అన్నాడు. విప్పితే ఉక్కు కప్పు మీద బాల్సు ఎక్కడెక్కడ కూర్చున్నాయో అక్కడల్లా వరసగా చిన్న చిన్న సొట్టలు, మధ్య మధ్యలో పౌడర్ కోటింగు పెచ్చులు, గ్రీజు ఎండిపోయి మైనంలా గట్టిపడి ఉంది. పన్నెండేళ్లు నిటారుగా ఒకే చోట దెబ్బలు తిన్న కప్పు అది. కొత్త సెట్టు ధర వెయ్యి రూపాయల లోపే, నేను అంతకుముందు ఫాగ్ లైట్లకి దానికి మూడింతలు పెట్టాను.

తర్వాత చక్రాలు. చిన్న స్పానరు తీసుకుని చక్రం తిప్పుతూ ఒక్కొక్క స్పోకునీ మీటుకుంటూ వెళ్లాడు. టింగ్, టింగ్, టింగ్, డబ్. ఆ డబ్ అన్నచోట సుద్దముక్కతో గీత పెట్టాడు. వెనక చక్రంలో ఏడు గీతలు పడ్డాయి. వదులైన స్పోకు పని చేయదు, దాని బరువు పక్కవాటి మీద పడుతుంది, రాయి తగిలిన రోజు అవి తెగుతాయి. ఇది మీరు ఇంట్లో కూడా చేసుకోవచ్చు, నేను ఇప్పుడు ప్రతి ట్రిప్పు ముందు రోజు రాత్రి చేస్తాను, పది నిమిషాల పని. అయితే స్పోకు బిగించడం మాత్రం తెలిసినవాళ్లకే వదలండి, ఒకటి ఎక్కువ బిగిస్తే రిమ్ము ఒంకరపోతుంది.

ఫోర్కుల్లోంచి ఆయిలు బూడిద రంగు నీళ్లలా కారింది, ఒక వైపు దానికంటే రెండో వైపు సగమే ఉంది. సీళ్లు మార్చి, లోపలి గొట్టాల మీద ఉన్న సన్నటి గీతలు సన్నరకం గరుకు కాగితంతో రుద్ది, కొత్త ఆయిలు సిరంజితో కొలిచి రెండు వైపులా సమానంగా పోశాడు. నేను 84 కిలోలు, సామానుతో కలిపి వంద దాటతాను. నేను కూర్చోగానే ముందు భాగం సగం దిగిపోతుంటే గుంటలో పడ్డప్పుడు దిగడానికి ఇంకేం మిగులుతుంది? స్ప్రింగుల పైన పెట్టడానికి 12 మిల్లీమీటర్ల స్పేసర్లు రెండు పక్క షెడ్డులో లేత్ మీద తీయించాడు, జతకి 150 రూపాయలు. నా బండికి చేయించిన మార్పులన్నిటిలో ఎక్కువ తేడా తెలిసింది ఈ 150 రూపాయలకే. బ్రేకు పట్టగానే ముక్కు నేలకి కొట్టుకున్నట్టు దిగడం ఆగిపోయింది. వెనక షాకు కొత్తది దొరకలేదు, విప్పి సీలు, ఆయిలు మార్పించి అదే వాడుతున్నాం.

ఛాసిస్ నంబరు దగ్గర మాత్రం రెండు గంటలు కూర్చున్నాడు. పెయింటు రిమూవర్ కొంచెం కొంచెం రాసి, నానబెట్టి, పాత టూత్ బ్రష్షుతో మెల్లగా తీశాడు. పక్కన ఉన్న కుర్రాడు గ్రైండర్ తెస్తే ఒక్క అరుపు అరిచాడు. గ్రైండర్ తగిలి ఒక్క అంకె చెరిగినా ఎవరో కావాలని చెరిపినట్టే కనిపిస్తుంది కదా. ఒక్కో అంకె బయటపడుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. శుభ్రం చేశాక పల్చగా వార్నిష్ పూశాడు, తుప్పు పట్టకుండా.

ఇంజను దగ్గర నాదొక కోరిక ఉండేది. ఇంపల్స్ ఉన్న ప్రతివాడికీ ఏదో ఒకరోజు వచ్చే ఆలోచనే, హీరో కరిజ్మా బండి 223 సీసీ ఇంజను పెట్టడం. చాలామంది చేశారు, బాగా పరిగెడుతుంది కూడా. నేనూ అడిగాను. బాబాయ్ చేయనన్నాడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం అనుమతి లేకుండా బండి స్వరూపం మార్చకూడదు, తయారీదారు ఇచ్చిన దానికి భిన్నంగా మార్చడం కుదరదని సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో చెప్పింది. ఆర్సీలో ఉన్న ఇంజను నంబరు ఒకటి, బండిలో ఉన్నది ఇంకొకటి అయితే ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్సు వాళ్లతో ఏం మాట్లాడతాం? ఎదుటివాడికి దెబ్బ తగిలితే ఆ నష్టపరిహారం మన ఇంటి మీదికి రావొచ్చు. ఈ విషయంలో నేను ఆయన మాటే వింటాను, మీకూ అదే చెప్తాను. ఉన్న ఇంజనుకే రింగులు, వాల్వు సీళ్లు, క్లచ్ ప్లేట్లు వేసి టాపెట్లు సెట్ చేయించాం, వెనక స్ప్రాకెట్‌కి రెండు పళ్లు పెంచి దానికి తగ్గ చైను వేయించాం. పైవేగం కాస్త తగ్గింది. కానీ ఇదివరకు మొదటి గేరులో ఏడుస్తూ ఎక్కే ఎత్తు ఇప్పుడు రెండో గేరులో ఎక్కుతుంది.

కార్బురేటర్ గురించి ఒక మాట. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం. ఈ బండి తయారైన నాటికి ఆ లెక్క లేదు. ఇథనాల్ గాల్లో తేమని లాక్కుంటుంది, పాత రబ్బరుని ఉబ్బిస్తుంది. నా బండికి పెట్రోల్ పైపు మెత్తబడిపోయి వేలితో నొక్కితే నల్లగా అంటుకుంటోంది, ట్యాంకు అడుగున తుప్పు పొడి ఉంది. పైపులు, ఫ్లోట్ బౌల్ రబ్బరు కొత్తవి వేయించి, ట్యాంకు కడిగించి, మధ్యలో చిన్న ఫిల్టరు పెట్టించాను. నెలకి మించి బండి తీయనని తెలిస్తే కార్బురేటర్లో ఉన్న పెట్రోలు కింద స్క్రూ తిప్పి వదిలేస్తాను. ఇలా చేయడం మొదలుపెట్టాక ఒక్క కిక్కుకి కూడా ఇబ్బంది పెట్టలేదు.

పైన బిగించినవి తక్కువే. ఇంజను అడుగుకి 4 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకుతో ప్లేటు చేయించాను. మొదట చేసినదానికి ఆయిలు వదిలే బోల్టు దగ్గర రంధ్రం పెట్టలేదు, మళ్లీ కోయించాల్సి వచ్చింది, మీరు చేయిస్తే కొలత దగ్గరే చెప్పండి. సంచులు చైనుకి తగలకుండా వెనక రెండు పైపు ఫ్రేములు పెట్టించాం. మొదటి వర్క్‌షాపు పెట్టిన పెద్ద క్రాష్ గార్డు తీసేశాను, అదొక్కటే ఆరు కిలోలు. ఫాగ్ లైట్లూ తీసేశాను, 150 సీసీ బండి కాయిలు ఇచ్చే కరెంటుకి అవి ఎక్కువ, రాత్రి గంట తిరిగితే బ్యాటరీ దిగిపోయేది. టైర్ల విషయంలో ముందు 90/90-19 సైజు బుల్లెట్ల పుణ్యమా అని ఎక్కడైనా దొరుకుతుంది, కానీ దొరికేది రోడ్డు టైరు. మట్టి దారులకి పనికొచ్చే గడ్డల టైరు కావాలంటే చెప్పి తెప్పించుకోవాలి. 21 అంగుళాల రిమ్ము వేయించుకునేవాళ్లున్నారు, నాకు అవసరం అనిపించలేదు.

ఇంత చేశాక నవంబరు చివర్లో మారేడుమిల్లి వెళ్లాను, అక్కడి నుంచి గుడిస కొండలకి. విజయవాడ నుంచి రాజమండ్రి దాకా హైవే మీద 75లో పోనిచ్చాను, ఈ బండికి అదే హాయి, 85 దాటితే కాళ్ల కింద వణుకు మొదలవుతుంది. లారీలు దాటి వెళ్తుంటే పక్కకి ఊగుతుంది. సీటు గట్టిది, వంద కిలోమీటర్లకోసారి దిగాల్సిందే. హైవే మీద గంటల తరబడి పరిగెత్తాలనుకునేవాళ్లకి ఇది సరిపడదు, ఎంత మార్చినా మారదు. మారేడుమిల్లిలో రాత్రి ఉండి బొంగులో చికెన్ తిని, తెల్లవారకముందే పుల్లంగి మీదుగా పైకి బయల్దేరాను.

పై భాగంలో వానకి కోసుకుపోయిన మట్టి, చేతికి పట్టేంత వదులు రాళ్లు. జీపులు తిరిగి తిరిగి రెండు గాడులు పడ్డాయి, మధ్యలో గడ్డి గట్టు. రెండో గేరులో, ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి, హ్యాండిలు గట్టిగా పట్టుకోకుండా వదులుగా ఉంచాను. ముందు చక్రం రాయి ఎక్కి పక్కకి జారబోయింది, నేను ఏమీ చేయకుండానే మళ్లీ దారిలోకి వచ్చింది. అప్పుడు ఆ కోన్‌సెట్టు గుంటలు గుర్తొచ్చాయి. అవే ఉండి ఉంటే ఆ రాయి దగ్గరే పడేవాణ్ణి. పైకి వెళ్లేసరికి గడ్డి కొండలన్నీ మంచులో ఉన్నాయి, కింద లోయ నిండా తెల్లటి మేఘం. బండి స్టాండు వేసి ఇంజను ఆపితే చల్లబడే లోహం టిక్ టిక్‌మంటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ పదిహేను నిమిషాల కోసం ఇంకో 31 వేలు పోయినా బాధపడను.

దిగేటప్పుడు వెనక టైరు పంక్చరయింది. స్పోకు చక్రం కాబట్టి ట్యూబు తీయాల్సిందే. రెండు రాళ్లు పేర్చి అల్యూమినియం ప్లేటు కింద పెడితే బండి నిలబడింది, వెనక చక్రం గాల్లోకి లేచింది, ప్లేటు ఇలా కూడా పనికొస్తుందని అప్పుడే తెలిసింది. 40 నిమిషాలు పట్టింది. 19, 17 రెండు సైజుల ట్యూబులూ, టైరు లివర్లు రెండు, గాలి పంపు, వెనక ఇరుసు నట్టుకి సరిపోయే స్పానరు లేకుండా ఎవరూ అటు వెళ్లకండి. ఇంట్లో ఒకసారి చక్రం విప్పి ట్యూబు మార్చి చూసుకుని వెళ్లండి, కొండ మీద మొదటిసారి నేర్చుకోవడం కష్టం.

మొత్తం లెక్క: బండి 42 వేలు, మొదటి వర్క్‌షాపు 31, బాబాయ్ దగ్గర సామాన్లకి 19, కూలి 9, టైర్లు, ట్యూబులు కలిపి 8. మొదటి 31 వృథా పోకపోయి ఉంటే 78 వేలలో అయ్యేది. మైలేజీ హైవే మీద 40, కొండల్లో 33 దాకా ఇస్తోంది. ట్యాంకు 11.1 లీటర్లు, రెండు రోజుల తిరుగుడికి చాలు. సీటు ఎత్తు 840 మిల్లీమీటర్లు, ఐదడుగుల ఐదంగుళాల లోపు వాళ్లు ఒకసారి ఎవరిదైనా ఎక్కి చూసుకుని నిర్ణయించుకోండి. కాలు అందదని షాకు కుదించి ఎత్తు తగ్గించకండి, దీని విలువే ఆ ఎత్తులో ఉంది.

బాబాయ్ పనిలో నాకు నచ్చనిదీ ఒకటుంది, తేదీ చెప్పడు. అయినప్పుడు అవుతుంది అంటాడు, నాకు ఐదు వారాలు పట్టింది, మధ్యలో ఫోన్ ఎత్తడు. తొందర ఉన్నవాళ్లు వెళ్లొద్దు. ఖాళీగా ఉన్న రోజు వెళ్లి పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటే మాత్రం అన్నీ చూపిస్తాడు, చేయి పెట్టనిస్తాడు కూడా. నా బండిలో ఏ బోల్టు ఎక్కడుందో నాకు తెలిసింది అలాగే.

మొన్న కడుగుతుంటే వెనక షాకు సీలు దగ్గర సన్నగా నూనె తడి కనిపించింది. రెండేళ్ల కొండల తిరుగుడికి అంతమాత్రం అరగడం మామూలే. బాబాయ్‌కి నాలుగుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు, ఐదోసారి ఎత్తి, బుధవారం పొద్దున్నే తీసుకురమ్మన్నాడు.